షెఫీల్డ్ పక్కన మూర్ల మీద, డ్యామ్‌ల చుట్టూ మౌంటెన్ బైకింగ్: మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఎలా వెళ్ళాలి

ఏటా సెప్టెంబరులో కొత్త బ్యాచ్ స్టూడెంట్లు ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో దిగుతారు, రెండు వారాలు తిరక్కుండానే నాకు మెసేజ్‌లు మొదలవుతాయి. "అన్నా, ఇక్కడ డ్యామ్‌ల చుట్టూ, కొండల మీద సైకిల్ తొక్కుతారంట కదా, ఈ ఆదివారం నలుగురం వెళ్దామనుకుంటున్నాం, ఏ దారి?" మాంచెస్టర్‌లో ఉద్యోగాలు చేసుకునే వాళ్ళదీ ఇదే ప్రశ్న. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే అంతా ఒకచోట రాసేస్తున్నా.

మనం మాట్లాడేది పీక్ డిస్ట్రిక్ట్ ఉత్తర భాగం గురించి, డార్క్ పీక్ అంటారు. బ్రిటన్‌లో మొట్టమొదటి నేషనల్ పార్క్ ఇదే, 1951లో అయింది. పైన మూర్, అంటే చెట్టన్నది కనపడని ఎత్తైన బయలు. మోకాలెత్తు హెదర్ పొదలు, వాటి కింద పీట్ అనే నల్లటి మెత్తటి నేల, ఎప్పుడూ నీళ్ళు తాగి ఉబ్బిన స్పాంజిలా ఉంటుంది. ఆ మూర్ల నుంచి దిగే నీళ్ళని పట్టుకోడానికి కింద లోయల్లో డ్యామ్‌లు కట్టారు. హౌడెన్, డెర్వెంట్, లేడీబవర్ ఒకే నది మీద వరసగా ఉంటాయి, కొండకి అవతల లాంగ్‌సెట్.

అందరూ చేసే తప్పు ముందే చెప్పేస్తా. కిలోమీటర్లు చూసి ప్లాన్ వేస్తారు. "పదహారు కిలోమీటర్లేనా, గంటలో కొట్టేస్తాం" అంటారు. డ్యామ్ పక్క దారిలో పదహారు కిలోమీటర్లు అంటే ఫొటోలతో కలిపి రెండున్నర గంటలు. అదే పదహారు పైన మూర్ మీద అయితే సగం రోజు, అందులో కొంత సైకిల్ మిమ్మల్ని మోయదు, మీరే దాన్ని మోస్తారు. ఇక్కడ లెక్క గంటల్లో వేసుకోవాలి.

కావలసినవి

మౌంటెన్ బైక్. ముందు సస్పెన్షన్, డిస్క్ బ్రేకులు, కనీసం 2.2 అంగుళాల వెడల్పు ముళ్ళ టైర్లు ఉంటే చాలు, వెనక సస్పెన్షన్ కోసం అప్పు చేయొద్దు. యూనివర్సిటీకి వెళ్ళే సన్న టైర్ల సైకిల్ పనికిరాదు. కొనేముందు ఒకసారి తొక్కి చూద్దామంటే డెర్వెంట్ డ్యామ్ కింద ఫెయిర్‌హోమ్స్‌లో సైకిళ్ళు అద్దెకిచ్చేవాళ్ళు, ఇప్పుడు ఇస్తున్నారో లేదో ముందే చూసుకోండి.

హెల్మెట్, చేతి తొడుగులు రెండు జతలు (ఒకటి తడుస్తుంది, అనుమానం లేదు), వాన ఆపే జాకెట్, బ్యాగులో అదనంగా ఒక స్వెటర్. స్పేర్ ట్యూబ్ రెండు, టైర్ లివర్లు, పంపు, మల్టీటూల్, చైన్ తెగితే కలిపే క్విక్ లింక్. ముందూ వెనకా లైట్లు, పగటిపూట వెళ్తున్నా సరే. పవర్ బ్యాంక్, విజిల్, రేకులాంటి ఎమర్జెన్సీ దుప్పటి. ఇది రెండు మూడు పౌండ్లకే దొరుకుతుంది, వేస్ట్ అనుకోకండి.

జీన్స్, కాటన్ హుడీ వద్దే వద్దు. తడిస్తే ఆరవు, పైన గాలికి ఒళ్ళు గడ్డకట్టిపోతుంది. మామూలు పాలిస్టర్ ట్రాక్ ప్యాంటు వీటి కన్నా వంద రెట్లు నయం.

తిండి విషయం. మనవాళ్ళు పులిహోర డబ్బా కట్టుకొస్తారు, నేనూ తెచ్చాను. గాలి కొడుతున్న చోట గ్లవ్స్ తీసి, తిమ్మిరెక్కిన వేళ్ళతో పులిహోర కలుపుకు తినడం ఎంత కష్టమో ఒకసారి చూస్తే అర్థమవుతుంది, మెతుకులన్నీ గొర్రెలకి పోయాయి. ఆవకాయ రాసిన చపాతీని రోల్ చేసి ఫాయిల్‌లో చుట్టండి, పల్లీ పట్టీలు జేబులో వేసుకోండి. నీళ్ళు లీటరున్నర. దారిలో వాగు నీళ్ళు డికాక్షన్ రంగులో పారుతుంటాయి, ఆ రంగు పీట్ వల్ల, దాంతో పేచీ లేదు, కానీ పైన ఎక్కడో గొర్రె చచ్చి పడి ఉండొచ్చు. తాగొద్దు.

1. ముందు మ్యాప్ మీద గీతలు గుర్తుపట్టండి

దీనికి కాస్త ఎక్కువ టైం పెట్టండి. బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే వేసే ఎక్స్‌ప్లోరర్ మ్యాప్ ఓఎల్1, పేరు డార్క్ పీక్. కాగితం మ్యాప్ కొన్నా సరే, వాళ్ళ యాప్‌లో చూసినా సరే. అందులో పచ్చ రంగు గీతలుంటాయి. చిన్న చిన్న ముక్కల గీత అయితే ఫుట్‌పాత్, పొడుగు ముక్కల గీత అయితే బ్రైడిల్‌వే.

మనకి ఫుట్‌పాత్ అంటే రోడ్డు పక్కన ఇడ్లీ బండి పెట్టుకునే చోటు. ఇక్కడ కాదు. ఇంగ్లండ్ పల్లెల్లో ఫుట్‌పాత్ అంటే నడిచేవాళ్ళకి మాత్రమే హక్కున్న దారి, పొలాల మధ్య నుంచి పోయినా, కొండ మీద నుంచి పోయినా. సైకిల్‌కి అక్కడ హక్కు లేదు. బ్రైడిల్‌వే అంటే గుర్రాల దారి, 1968లో వచ్చిన చట్టంతో సైకిళ్ళకీ హక్కు వచ్చింది, కాకపోతే నడిచేవాళ్ళకీ గుర్రాలకీ మీరే దారి ఇవ్వాలి. దారి మొదట్లో కర్ర మీద బాణం గుర్తు ఉంటుంది. పసుపు బాణం ఫుట్‌పాత్, నీలం బాణం బ్రైడిల్‌వే. మూర్ మీద "ఎవరైనా తిరగొచ్చు" అనే బోర్డులు కనిపిస్తాయి, అవి కూడా కాలినడకకే.

నా మొదటి ఏడాది ఇవేవీ తెలియక ఫోన్‌లో ఒక ఉచిత మ్యాప్ చూపించిన దారి పట్టుకుని డెర్వెంట్ ఎడ్జ్ అనే కొండ అంచు మీదకి పోయాను. సన్న గీత ఉంది, అందంగా ఉంది, పోదాం అనుకున్నా. గోడ దాటడానికి నిచ్చెనలా చెక్క మెట్లు వచ్చాయి, పద్నాలుగు కిలోల సైకిల్ భుజానేసుకుని ఎక్కి దిగాను. అవతల చేతికర్రలు పట్టుకున్న పెద్దాయన ఒకరు చాలా మర్యాదగా, చాలాసేపు, నేను ఎక్కడ తప్పు చేశానో చెప్పారు. మళ్ళీ అవే మెట్లెక్కి వెనక్కి.

సరిగ్గా చేశారో లేదో చూసుకోవడం ఇలా: ఇంట్లో కూర్చుని మొత్తం దారి మీద వేలు పెట్టి మొదటి నుంచి చివరిదాకా జరపండి. వేలు ఎక్కడైనా చిన్న ముక్కల గీత మీదకి వస్తే ఆ ముక్క మార్చండి. అయ్యాక మ్యాప్‌ని ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసి, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి తెరుచుకుంటోందో లేదో చూడండి. పైన డెర్వెంట్ లోయలో సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

2. రోజు ఎంచుకోండి

డిసెంబరులో ఇక్కడ నాలుగు కాకముందే పొద్దు కుంకుతుంది. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నరకి కూడా వెలుగుంటుంది. సూర్యాస్తమయం టైం చూసి, దానికి రెండు గంటల ముందే సైకిల్ దిగిపోయేలా లెక్క వేసుకోండి. ఆ రెండు గంటలు పంక్చర్‌కి, దారి తప్పడానికి, మీ ఫ్రెండ్ "ఇంక నా వల్ల కాదురా" అని కూర్చోడానికి.

షెఫీల్డ్‌లో ఎండ ఉంటే పైనా ఉంటుందని కాదు. ఇక్కడి వాతావరణ శాఖ మెట్ ఆఫీస్ సైట్‌లో పీక్ డిస్ట్రిక్ట్‌కి విడిగా కొండ వాతావరణం ఇస్తారు, అది చూడండి. వాన కన్నా గాలి ముఖ్యం. గాలి వేగం గంటకి 30 మైళ్ళు దాటుతుందంటే మూర్ మానేసి డ్యామ్ పక్క దారికి వెళ్ళండి.

మార్చి నుంచి జులై దాకా నేల మీద గూళ్ళు కట్టే పక్షులుంటాయి, కాబట్టి దారి దిగి పొదల్లోకి పోవద్దు. ఎండాకాలం పీట్ ఎండిపోతే నిప్పురవ్వ చాలు. 2018లో శాడిల్‌వర్త్ మూర్ తగలబడితే ఆర్పడానికి సైన్యాన్ని కూడా దింపారు. చికెన్ కాల్చుకుందాం అని ఆ రేకు ట్రే బార్బెక్యూ తీసుకొచ్చే ఐడియా ఎవరికైనా వస్తే అక్కడే ఆపండి.

3. సైకిల్ సిద్ధం చేయండి

గాలి: ట్యూబ్ ఉన్న టైరుకి, 70 కిలోల మనిషికి 28 నుంచి 30 పీఎస్‌ఐ మధ్య మొదలుపెట్టండి. రోడ్డు సైకిల్ లాగా రాయిలా కొడితే రాళ్ళ మీద ఎగిరెగిరి పడుతుంది. మరీ తగ్గిస్తే రాతి అంచుకి తగిలి ట్యూబ్‌కి పాము కాటేసినట్టు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. అలా రెండు చిల్లులు కనిపిస్తే మేకు కోసం వెతకొద్దు, ఈసారి గాలి కాస్త పెంచండి.

సీటు: పెడల్ అన్నిటికన్నా కిందున్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు తిన్నగా రావాలి. ఇది ఎక్కడానికి, మామూలు తొక్కుడికి. రాళ్ళ దిగుడు మొదలయ్యేముందు ఆగి సీటు నాలుగు వేళ్ళు దించండి. బద్ధకించి దించకపోతే ముందుకి బోర్లాపడేది అక్కడే.

బ్రేకులు: ఇక్కడి రాయి గ్రిట్‌స్టోన్, గరుకు ఇసుకరాయి. పూర్వం దీంతోనే తిరగలి రాళ్ళు చెక్కేవాళ్ళు, నేషనల్ పార్క్ గుర్తు కూడా తిరగలి రాయే, సరిహద్దుల దగ్గర రోడ్డు పక్కన నిలబెట్టి ఉంటాయి చూడండి. ఆ రాతిపొడి వాననీళ్ళలో కలిసి బ్రేక్ ప్యాడ్ మీద పడితే పిండి రుబ్బినట్టు ప్యాడ్‌ని రుబ్బేస్తుంది. కొత్త ప్యాడ్‌లు ఒక్క వానపూటలో ఇనుము తేలేదాకా అరిగిపోవడం నాకే జరిగింది. ఈ నేలకి ఆర్గానిక్ (రెజిన్ అనీ అంటారు) కన్నా సింటర్డ్, అంటే లోహం కలిసిన ప్యాడ్‌లు ఎక్కువ కాలం వస్తాయి. కొనేముందు రోటర్, అంటే ప్యాడ్‌లు నొక్కి పట్టే ఇనుప బిళ్ళ మీద చూడండి, కొన్ని చవక రోటర్ల మీద "రెజిన్ ప్యాడ్ ఓన్లీ" అని చెక్కి ఉంటుంది, వాటికి సింటర్డ్ వేయకూడదు. ప్యాడ్ మీద మెటీరియల్ ఒక మిల్లీమీటరు కన్నా తక్కువుంటే బయల్దేరొద్దు.

అద్దె సైకిలైతే కార్ పార్క్‌లోనే రెండు బ్రేకులూ విడివిడిగా నొక్కి చూడండి. ఇక్కడ మామూలుగా కుడి చేతిది ముందు బ్రేకు.

4. మొదటి రైడ్: హౌండ్‌కిర్క్ రోడ్డు

నేరుగా కొండెక్కాలనే ఆత్రం వద్దు. షెఫీల్డ్ నుంచి రింగింగ్‌లో ఊరికి సైకిల్ మీదే వెళ్ళొచ్చు, అంతా ఎక్కుడే. అక్కడి నుంచి ఫాక్స్ హౌస్ వైపు హౌండ్‌కిర్క్ మూర్ మీదుగా పాత రోడ్డు పోతుంది. వెడల్పు దారి, రాళ్ళు, గుంటలు, అటూ ఇటూ హెదర్. తప్పిపోవడం కష్టం. రాళ్ళ మీద సైకిల్ చేతుల కింద ఎలా ఆడుతుందో ఇక్కడ అలవాటవుతుంది. పక్కనే లేడీ కానింగ్స్ తోటలో బ్లూ స్టీల్ అని సైకిళ్ళ కోసమే కట్టిన ట్రాక్ ఉంది, నీలం గ్రేడు. ఇక్కడ ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు వరసలో కష్టం పెరుగుతుంది.

చేసే తప్పు ఒకటే, హ్యాండిల్‌ని పీక పిసికినట్టు పట్టుకోవడం. పెడల్స్ రెండూ ఒకే ఎత్తులో పెట్టి, సీటు మీద నుంచి కాస్త లేచి, మోచేతులు వదులుగా ఉంచి, ముందు చక్రం వైపు కాకుండా పది అడుగుల అవతలికి చూడండి. రైడ్ అయ్యాక ముంజేతులు పీకుతుంటే హ్యాండిల్ ఇంకా బిగించి పడుతున్నారని లెక్క, మళ్ళీ ఇదే దారికి రండి.

5. రెండో రైడ్: డెర్వెంట్, హౌడెన్ చుట్టూ

అందరూ అడిగే "డ్యామ్ రైడ్" ఇదే. రైల్లో అయితే షెఫీల్డ్–మాంచెస్టర్ లైన్లో బామ్‌ఫర్డ్‌లో దిగండి. ఈ లోకల్ రైళ్ళలో మామూలుగా రెండు సైకిళ్ళకే చోటు, నలుగురూ ఒకే రైలెక్కుదామంటే కుదరదు, జంటలుగా విడిపోండి. స్టేషన్ నుంచి కొద్ది దూరంలో థార్న్‌హిల్ ట్రైల్ దొరుకుతుంది, పైన డ్యామ్‌లు కట్టే రోజుల్లో రాళ్ళు మోసిన రైలు దారి, అది మిమ్మల్ని లేడీబవర్ డ్యామ్ దగ్గర తేలుస్తుంది. కారైతే నేరుగా ఫెయిర్‌హోమ్స్, ఆదివారం తొమ్మిదిలోపు రాకపోతే పార్కింగ్ కష్టం.

ఫెయిర్‌హోమ్స్ నుంచి గడియారం తిరిగే దిశలో తిరగండి. ముందు పడమటి ఒడ్డున తారు రోడ్డు మీద కింగ్స్ ట్రీ దాకా, వారాంతాల్లో చాలాసార్లు ఇటు కార్లని రానివ్వరు. అక్కడ తారు అయిపోయి రాళ్ళ దారి మొదలవుతుంది. రెండు డ్యామ్‌లకీ పై కొసన స్లిప్పరీ స్టోన్స్ దగ్గర రాతి వంతెన వస్తుంది. సామాన్లు మోసే గుర్రాల కోసం కట్టిన పాత వంతెన, ముందు కింద డెర్వెంట్ ఊళ్ళో ఉండేది. లేడీబవర్ నీళ్ళలో ఆ ఊరూ, ఆషాప్టన్ అనే ఇంకో ఊరూ మునిగిపోతుంటే రాయి రాయికి నంబరేసి విప్పి, 1959లో ఇక్కడ మళ్ళీ కట్టారు. శ్రీశైలం నీళ్ళు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడినట్టు, బాగా ఎండిన ఏడు ఇక్కడా డెర్వెంట్ ఊరి గోడలు బయటపడతాయి, 2018లో, 2022లో పడ్డాయి. అలాంటప్పుడు దగ్గరికెళ్ళి సెల్ఫీ తీసుకుందామని అడుగున ఆరిపోయినట్టు కనిపించే మట్టి మీదకి దిగొద్దు, పైన పెచ్చు, కింద నడుముల్లోతు బురద.

వంతెన దాటి తూర్పు ఒడ్డున వెనక్కి. ఇటువైపు తారు లేదు, హౌడెన్ పక్కన కొన్నిచోట్ల రాళ్ళు బాగానే తేలి ఉంటాయి. చివర్లో డెర్వెంట్ డ్యామ్ పక్క నుంచి కిందకి దిగుడు, అక్కడ కుటుంబాలూ, కుక్కలూ, చిన్నపిల్లలూ, స్పీడు పనికిరాదు. 1943లో జర్మనీ డ్యామ్‌లు పేల్చే బాంబుదాడికి బ్రిటిష్ పైలట్లు ఈ డ్యామ్ మీదే ప్రాక్టీసు చేశారు, అందుకే గోడ దగ్గర ఎప్పుడూ జనం. మొత్తం సుమారు 16 కిలోమీటర్లు.

ఎండగా ఉన్నా ఈతకి దిగొద్దు. పై నీళ్ళు వెచ్చగా అనిపించినా లోపల చలికి కండరాలు పట్టేస్తాయి, నీళ్ళు లాగే గొట్టాలుంటాయి.

మీ స్థాయి తెలుసుకోవాలంటే, తూర్పు ఒడ్డు మొత్తం కాలు కింద పెట్టకుండా వచ్చి, ఫెయిర్‌హోమ్స్‌లో టీ తాగాక ఇంకో అర్ధగంట తొక్కగలననిపిస్తే తరవాతి మెట్టుకి వెళ్ళండి. లేదంటే ఇదే ఇంకో రెండుసార్లు, సిగ్గేమీ లేదు, నేను నాలుగుసార్లు తిరిగాను.

6. మూడో రైడ్: కట్ గేట్

డార్క్ పీక్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన దారి, కొత్తవాళ్ళని ఎక్కువ ఏడిపించేది కూడా ఇదే. లాంగ్‌సెట్ రిజర్వాయర్ నుంచి మూర్ దాటి ఇందాక చెప్పిన స్లిప్పరీ స్టోన్స్‌కి దిగే బ్రైడిల్‌వే, ఒకప్పుడు డెర్వెంట్ లోయ జనం పెనిస్టన్ సంతకి పశువుల్ని తోలుకెళ్ళిన దారి.

లాంగ్‌సెట్ కార్ పార్క్ నుంచి తోటలోంచి వచ్చి, బ్రూక్ హౌస్ బ్రిడ్జి దాటగానే ఎక్కుడు. తరవాత మికిల్‌డెన్ ఎడ్జ్, సన్నటి దారి, ఒక పక్క లోయ. ఎదురుగా ఎవరైనా వస్తే ఆగి, లోయ వైపు కాకుండా గట్టు వైపు కాలు దించండి. ఆ పైన పీట్. మొత్తం ఎక్కుడు దాదాపు 300 మీటర్లు.

పైన ఉండే బురదగుంట ఒకప్పుడు సైకిళ్ళని మింగేసేది. పర్వతారోహకుల సంఘం బీఎంసీ నడిపిన విరాళాల కార్యక్రమంలో ఈ దారి బాగుచేత కూడా ఉంది, సైకిల్ వాళ్ళూ చందాలేశారు. అందుకే తడి రోజుల్లో దీని మీదకి పోవద్దంటాను. బురద తప్పించుకోడానికి ప్రతివాడూ పక్కకి జరుగుతాడు, దారి అడుగు నుంచి పదడుగులవుతుంది, పీట్ కొట్టుకుపోతుంది. బురదుంటే మధ్యలోంచే పోండి, బూట్లు ఎలాగూ పోయాయి.

పోవాలా వద్దా తేల్చుకోడానికి నేను చేసే పరీక్ష: మొదటి పీట్ ముక్క రాగానే దిగి, బూటుతో గట్టిగా తొక్కి, కాలు తీసి పది లెక్కపెడతాను. అడుగు గుర్తులో నీళ్ళు ఊరితే వెనక్కి. ఊరకపోతే ముందుకి. మే నుంచి సెప్టెంబరు మధ్య నాలుగైదు రోజులు వాన లేకపోతే మామూలుగా పాసవుతుంది. ఆగస్టులో హెదర్ పూస్తుంది, కొండంతా వంకాయ రంగు.

మొదటిసారి హౌడెన్ వైపు దిగొద్దు. ఎత్తైన చోటుకి వెళ్ళి, చపాతీ తిని, వచ్చిన దారినే లాంగ్‌సెట్‌కి తిరగండి. అవతల క్రాన్‌బెర్రీ క్లఫ్ దిగుడు ఊరిస్తుంది, కానీ వదులు రాళ్ళు, నిటారు, పైగా కారు ఇవతల ఉంటుంది కాబట్టి దిగినదంతా మళ్ళీ ఎక్కాలి. మధ్యాహ్నం రెండు దాటి ఉంటే ఆలోచించనే వద్దు. దిగుతారా లేదా అన్నది గుంపులో అందరికన్నా నీరసంగా ఉన్నవాడిని అడిగి తేల్చండి, హుషారుగా ఉన్నవాడిని కాదు.

గుర్రం ఎదురైతే ఆగి, "హలో" అని మాట వినిపించండి. వెనక నుంచి నిశ్శబ్దంగా వస్తే గుర్రం బెదురుతుంది, మనిషి గొంతు వింటే తగ్గుతుంది. గేటు మూసి ఉంటే మూసేయండి, తెరిచి ఉంటే అలాగే వదిలేయండి.

7. ఎవరైనా పడితే

ముందు పడ్డవాడికి స్వెటర్, రేకు దుప్పటి. కింద బ్యాగు వేసి కూర్చోబెట్టండి, తడినేల చలి త్వరగా లాగేస్తుంది. 999కి ఫోన్ చేసి ముందు పోలీస్, తరవాత మౌంటెన్ రెస్క్యూ అని అడగండి. అంబులెన్స్ అని అడిగితే రోడ్డు లేని చోటుకి అది రాలేదు, టైం పోతుంది. మ్యాప్ యాప్‌లో మీరున్న చోటు గ్రిడ్ రిఫరెన్స్ (ఆ చోటుని చెప్పే అక్షరాలు, అంకెలు) చూసి చదవండి. కాల్ కలవకపోతే ఎస్సెమ్మెస్ పోవచ్చు, కానీ దానికి ముందే నమోదు కావాలి. ఈరోజే 999కి ఇంగ్లీషులో "రిజిస్టర్" అని మెసేజ్ పెట్టి, వచ్చే సూచనలకి జవాబివ్వండి. విజిల్ అయితే ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఆరు. వచ్చేవాళ్ళు వాలంటీర్లు, డబ్బు తీసుకోరు, వీసా అడగరు. బిల్లు వేస్తారేమో అని భయపడి ఫోన్ చేయకుండా చీకటి పడేదాకా కుంటుకుంటూ దిగినవాళ్ళు నాకు తెలుసు.

8. ఇంటికొచ్చాక

ముందు మీ కాళ్ళు చూసుకోండి. మోకాలి వెనక, సాక్స్ అంచుల దగ్గర గసగసాలంత గోమారి పట్టుకుని ఉండొచ్చు. సన్నటి ట్వీజర్‌తో చర్మం దగ్గరగా పట్టుకుని తిన్నగా లాగండి, నలపొద్దు. తరవాతి వారాల్లో ఆ చోట ఎర్రటి వలయం పెరుగుతుంటే జీపీ, అంటే మీ పేరు నమోదైన డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, లైమ్ జబ్బు కావచ్చు.

తరవాత సైకిల్. చైన్ తుడిచి నూనె, ప్యాడ్ ఎంత మిగిలిందో చూడటం, టైర్లో గుచ్చుకున్నవి తీయడం. కడగడం మాత్రం బయటే, బకెట్, పాత టూత్‌బ్రష్‌తో. నేను మొదటి చలికాలం బయట వణకలేక సైకిల్‌ని షవర్‌లో పెట్టి కడిగాను. పీట్ అంటే మట్టి కాదు, కుళ్ళిన నాచు పీచు, డ్రెయిన్‌లో జుట్టులా చుట్టుకుపోయింది. ప్లంబర్ వచ్చి మూరెడు నల్లటి తాడులాంటిది బయటికి లాగాడు, తొంభై పౌండ్లు డిపాజిట్‌లో కోశారు.